తోకచక్రం విమానం, నా నోరు

ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టినవాణ్ణి, ఇంతవరకూ తిరిగి చేరలేదు. అలాంటి నాకు ఖబూరా అవతల ఒక అర్బాబ్ దగ్గర విమానం తుడిచే డ్యూటీ దొరికింది. ఈ అరబ్బు దేశంలో యజమానిని అర్బాబ్ అనే పిలుస్తాం. ఆయనది రెండు సీట్ల చిన్న విమానం. మిగతావాటికి ముక్కు కింద ఉండే చక్రం దీనికి తోక కింద ఉంటుంది. నేల తాకిందా, ముక్కుకన్నా తానే ముందు పోవాలని తోక పక్కకు తిరగబోతుంది. అందుకే దాని ఇన్సూరెన్స్ ఎప్పుడూ ఎక్కువే. పైగా అర్బాబ్‌కు వయసు మీదపడింది. "ఈసారి పెంచితే నావల్ల కాదు, అమ్మేస్తా," అని ముందే చెప్పాడు. భార్య పోయాక ఆయన మొహంలో నవ్వు కనిపించేది ఆ విమానం ఎక్కినప్పుడే.

రెన్యువల్‌కు ముందు ఇన్సూరెన్స్ వాళ్ళ బౌషర్ ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చాడు. అర్బాబ్ నమాజుకు వెళ్తూ, అతిథిని ఊరకే కూర్చోబెట్టొద్దన్నాడు. ఇక చాలని అతిథి కప్పు ఊపేదాకా కాఫీ పోస్తూనే ఉండాలి, అది ఇక్కడి మర్యాద. మొదటి గుక్కకే ఆయన, "అబ్బ, నాలుక కాలింది," అన్నాడు. తెలుగు! నాకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నా! యా ఊరన్నా మనది?"

"కాకినాడ దగ్గరండీ. మీది కడప కదూ? మాటలోనే తెలిసిపోతోంది."

"కడపే. బాంబులెయ్యంలే, తాగన్నా."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తెలుగులో ఒక మనిషిని నవ్వించి నాకు నెలలైంది. ఆయన కప్పు ఊపలేదు, నేను పోయడమూ ఆపలేదు, చెప్పడమూ ఆపలేదు.

"పోయిన చలికాలం మా అర్బాబ్ దిగుతాంటే చూడాల్సిందన్నా! ఇమానం గిర్రున తిరిగి వచ్చిన దావకే మొగం పెట్టింది. రెక్క కొస నేలకు గీరుకునింది. ఆయనేమో దిగి, మనం ఏ దేశంలో ఉన్నామని నన్నడిగె!"

"అయ్యబాబోయ్! రెక్కకేం చేశారు?"

"రంగు పూసినాం. అంతే."

నవ్వుతూనే ఆయన పెన్ను తీశాడు. "ఇది మీ అర్బాబ్ నింపిన ఫారంలో లేదే తమ్ముడూ."

"అన్నా, తమాషాకు చెప్పినా. రాయొద్దన్నా."

"విన్నాక రాయకపోతే నా ఉద్యోగం పోద్దండీ," అంటూ కప్పు ఊపాడు.

కాగితం వచ్చింది. ప్రీమియం మూడింతలు. ఆపైన, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుంటేనే ఎగరాలని షరతు. ఎవరు చెప్పారని అర్బాబ్ హిందీలో అడిగాడు. నేనేనన్నాను. ఆయన వెళ్ళి ఆ రెక్క కొస మీది రంగును వేలితో తడిమాడు.

"రాయనిది నేను కదా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి.

విమానం కొన్నవాళ్ళు వచ్చి రెక్కలు విప్పారు. మిగిలిన దాన్ని పక్కకు తిరగకుండా లారీ దాకా నడిపించాలంటే ఒకరు తోక ఎత్తి పట్టుకోవాలి. ఆ పని నాదే. భుజం మీద మోసుకుని నడిచాను. అర్బాబ్ ముక్కు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు.

లారీ దగ్గర, "ఇక దించు," అన్నాడు.

నేను దించలేదు. ఆయనే వెనక్కి వచ్చి, నా భుజం మీది తోకను రెండు చేతులతో అందుకుని, మెల్లగా నేల మీద పెట్టాడు.