పొట్టు పొయ్యి బూడిద

ఆ రోజు మా వీధిలో చెత్తబండి అంటుకున్నది మా పొట్టు పొయ్యి బూడిద వల్ల. ఆ మాట నేను చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల, బండి తెచ్చే ఆమె తన సొంత తమ్ముడితో మాట్లాడటం మానేసింది. ఈ రెండో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేనెప్పుడూ అడగలేదు కదా.

మాది అనంతపురంలో ఇరుకు వీధి. ఎదురింటివాళ్ళు గడప దిగకుండానే మనింటి ఉల్లిపాయలు అందుకోవచ్చు. ఆమె రాకముందు వీధి చెత్తంతా చివరి ఖాళీ స్థలంలో పడేది. పందులు, దోమలు. ఎండాకాలం గాలి లేస్తే క్యారీబ్యాగులు ఎగిరొచ్చి అన్నం పళ్ళేల్లో పడేవి. ఆమె వచ్చిన కొత్తలో అందరికంటే ఎక్కువ సతాయించింది నేనే. అన్నీ ఒకే బకెట్లో కుక్కి గేటు బయట పెట్టేవాణ్ణి. ఆమె దాన్ని తిరిగి లోపలికి నెట్టేది.

"ఏమన్నా, సాంబార్లో సాక్సులు ఏసినావు. ఈ వంట ఎవురికప్పా?" అని వీధంతా వినేట్టు అడిగేది.

"దుడ్లు తీసుకునేది నువ్వు, వేరు చేసేది నేనా?"

"దుడ్లు నావే. ముక్కు నీది గదన్నా. తడిది ఈడ, పొడిది ఆడ. అంతే."

బండి తోసేది ఆమె తమ్ముడు. పెళ్ళయి పిల్లలున్నవాడు. నోట్లో ఎప్పుడూ బీడీ ఉండేది. ఆర్పమని ఆమె కసిరితే, "ఈ కంపుకు బీడీనే ఊదుబత్తి అక్కా" అనేవాడు. ఆమె కొట్టడానికి చెయ్యెత్తి నవ్వేసేది.

వీధి మెల్లగా దారికొచ్చింది. వాళ్ళిద్దరే ఆ ఖాళీ స్థలంలో చెత్తంతా ఎత్తి శుభ్రం చేశారు. మరునాడు ఆమె మా ఆవిణ్ణి, పక్కింటి ఆడవాళ్ళను పిలిచి అక్కడ పెద్ద ముగ్గు వేయించింది. ముగ్గు మీద చెత్త వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. వానలు పడితే చాలు మా పాపకు జ్వరం వచ్చేది, ఆ ఏడాది రాలేదు. ఆ పుణ్యం ఆమెదేనని ఇంట్లో చెప్పుకున్నాం. ఆమెతో మాత్రం ఒక్కసారీ అనలేదు.

నీళ్ళు కాచుకోవడానికి మేము నూనె మిల్లు నుంచి శెనక్కాయ పొట్టు తెచ్చుకుంటాం. ఆ బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు సాయంత్రం దాకా బతికే ఉంటుంది. ఈ నేల మీద పుట్టినవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. నీళ్ళు చల్లి పారేయాలి. ఆ రోజు కొళాయి రాలేదు. ఉన్న బిందెడు నీళ్ళు బూడిదకు ఎందుకని, అలాగే పొడి చెత్తలో గుమ్మరించి బండికి ఇచ్చాను. బండి వీధి మలుపు చేరేలోపే పొగ లేచింది, ఆ వెంటనే మంట. ప్లాస్టిక్ డబ్బాలు కరిగి రోడ్డు మీదికి కారాయి.

వీళ్ళపై అజమాయిషీ చేసే మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. దూరం తోయలేక పనివాళ్ళే చెత్త తగలబెడుతున్నారని జనం గొణుగుతున్న రోజులవి. "ఎవురు పెట్టినారప్పా మంట?" అని నన్నూ అడిగాడు.

"నేను చూడలేదు" అన్నాను.

ఆమె ఒకసారి తమ్ముడి వైపు చూసి, "నాదే తప్పు సార్" అంది. ఎందుకలా అందో నేను ఆలోచించలేదు. నా గండం తప్పింది, అంతే. ఆమెను కూరగాయల మార్కెట్టు ఊడ్చే పనికి మార్చారు. తప్పు తనదేనని ఆమె అన్నా, తమ్ముణ్ణి పనిలోంచే మాన్పించారు.

ఆమె వెళ్ళిపోయినా వీధి పాడవలేదు. ఇప్పటికీ తడిది వేరు, పొడిది వేరు. ఈమధ్య, ఇప్పుడు బండి తెచ్చే ఆవిడతో ఈ మాటే అన్నాను. అంతా ఆమె నేర్పిందేనని.

"ఆయక్క తమ్మునితో మాట్లాడేదే లేదన్నా" అందావిడ. "వాని బీడీతోనే బండి కాలిందని కోపం. వాని బిడ్డ పుట్టెంటికలకు గూడా పోలేదు, మేనత్త అయ్యుండీ."

మరునాడు పొద్దున్నే మేస్త్రి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "ఇప్పుడు చెప్తాండావా?" అన్నాడు. అక్కణ్ణుంచి మార్కెట్టుకు వెళ్ళాను. ఆమె క్యాబేజీ ఆకులు ఊడుస్తోంది.

"ఏమన్నా, కూరగాయలకు నువ్వొచ్చినావే! ఇంట్లో కొట్లాటా?"

"అమ్మా, ఆ పొద్దు బండి కాలింది మా పొట్టు పొయ్యి బూడిదతో. నీళ్ళు చల్లకుండా ఏసినా. తెలిసీ చెప్పలేదు."

ఆమె చీపురు పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది. "వాడు బిడ్డల మింద ఒట్టేసి చెప్పినాడన్నా. నేనే నమ్మలే." ఫోను తీసి నంబరు కలిపింది. "నాకు చెప్తే ఏమొస్తాది? వానికి చెప్పు."

అవతల నుంచి "అక్కా? నువ్వేనా అక్కా?" అని వినిపించింది. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, మీ పాత వీధిలో అన్నను. సాంబార్లో సాక్సులు ఏసినోణ్ణి. ఆ నిప్పు నీ బీడీది కాదప్పా, మా పొయ్యిది. మేస్త్రి అడిగితే చూడలేదని అబద్ధం చెప్పినా. మీ అక్క ఈడే ఉండాది, అంతా వింటాండాది. మీ ఇద్దరికీ తప్పు చేసినా. నన్ను మన్నించప్పా."