రొయ్యలంటే ఎండువే

ఇవాళ పొద్దున మా వీధిలోకి రొయ్యల ఆటో వచ్చింది. తిరువూరులో ఆదివారం తెల్లారిందంటే ఇప్పుడిది మామూలే. ట్రాలీ ఆటో వెనక తెల్లటి థర్మాకోల్ పెట్టెలు, వాటి నిండా ఐసు, ముందు మైకు. "రొయ్యలమ్మా రొయ్యలు" అని ఒకే గొంతు అరుస్తూ ఉంటుంది. కుక్కలు కూడా అలవాటు పడిపోయి మొరగడం మానేశాయి. ఎదురింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. పక్కింట్లో అద్దెకుండే అమ్మాయి నైటీ మీద చున్నీ కప్పుకుని వచ్చి, కిలోకి ఎన్ని తూగుతాయని అడిగింది. తల తీసి ఇస్తావా, నరం తీసి ఇస్తావా అని బేరాలు సాగాయి. పచ్చివా, ఎండువా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న మా అత్తయ్య నల్లకళ్ళజోడుతో వరండాలో కూర్చుని ఆ కేక వింటోంది. ఆవిడ మా మావయ్య భార్య. మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. ఆ మైకు తొందరగా మలుపు తిరిగి వెళ్ళిపోతే బాగుండునని నేను గుమ్మంలో నిలబడి కోరుకున్నాను.

మా చిన్నప్పుడు ఇక్కడ రొయ్యలంటే ఎండు రొయ్యలే. మాది మెట్ట ప్రాంతం. పత్తి, మామిడి, చెరువు కింద కాస్త వరి. సముద్రం సంగతి భూగోళం పుస్తకంలో చదువుకోవలసిందే. పాలంటే గేదెపాలు, ఆవుపాలైతే ఆవుపాలని విడిగా చెప్పాలి కదా, అలాగే రొయ్యలంటే ఎండువి, పచ్చివైతే 'పచ్చిరొయ్యలు' అని నొక్కి చెప్పాలి. అలా చెప్పే సందర్భం ఏడాదికొకసారి కూడా వచ్చేది కాదు. బందరు వైపు నుంచి ఒకావిడ సంతకు గంపలతో వచ్చేది. గోనెపట్టా మీద మూడు కుప్పలు పోసేది. గోరంత కూడా లేని రొయ్యపొట్టు ఒకటి. అది గోంగూరలోకీ, ఉల్లికారం నూరుకోవడానికీ. నడిపిరకం ఇంకొకటి, వంకాయలోకీ సొరకాయలోకీ. మూడోది పెద్దరకం, వంకర తిరిగి ఎర్రగా మెరిసేది, అది మామిడికాయలోకి. మావయ్య ఆ కుప్పల ముందు గొంతుక్కూర్చుని ఒక రొయ్యను విరిచి వాసన చూసి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలేవాడు. ఇసక తగిలిందా, ఆ కుప్పకు దణ్ణం పెట్టి లేచేవాడు. "అన్నయ్యగారు రుచి చూసేసరికే నా కుప్ప సగం అయిపోద్ది" అని ఆవిడ నవ్వేది. మావయ్యకు మెలితిప్పిన మీసాలుండేవి. వాటిని దువ్వుకుని బేరానికి దిగితే అత్తయ్య వెనక నుంచి, "చాల్లెండి, మీసాలు రొయ్యకు లేవూ బారెడు" అనేది. మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం.

చాలా ఏళ్ళ తరవాత ఒకసారి మావయ్య కైకలూరు వైపు పెళ్ళికి వెళ్ళొచ్చాడు. మగపెళ్ళివారికి రొయ్యల చెరువులున్నాయి. వడ్డన అంతా అదేనట. చారల టైగరు రొయ్యలు వేపుడు, ఏటిలో పట్టిన నీలం కాళ్ళ నీలకంఠాలు పులుసు, అప్పుడప్పుడే వస్తున్న వనామి రొయ్యలు పలావులో. టైగరు గట్టిగా ఉంటుందని, నీలకంఠానికి రుచంతా తలకాయలో ఉండే కొవ్వులోనేనని, వనామి తియ్యగా ఉన్నా చప్పన అని, తిన్న మర్నాడే మాకందరికీ పాఠం చెప్పాడు. ఆ పెళ్ళిలో మాంసం ముట్టనివాళ్ళమని చెప్పుకున్నవాళ్ళు కూడా రెండేసి సార్లు వడ్డించుకున్నారని చెప్పి, "అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం" అని నవ్వాడు. చివరికి తీర్పు మాత్రం ఇలా ఇచ్చాడు: "ఎన్ని చెప్పు, ఎండితే గానీ రొయ్యకు రుచి రాదే అమ్మాయ్. అవన్నీ పచ్చిరొయ్యలు. మనవి రొయ్యలు." ఈ మాటను అప్పుడు నవ్వుతూ విన్నాను.

తరవాత మావయ్యకు కిడ్నీలు పోయాయి. ఎ.కొండూరు వైపు ఎన్నో ఇళ్ళలో ఉన్న జబ్బే. బోరునీళ్ళ వల్లనని కొందరు, ఒళ్ళు నొప్పులకు మింగే బిళ్ళల వల్లనని కొందరు అంటారు. ఎవరేమన్నా మనిషి మాత్రం తగ్గిపోతూనే ఉంటాడు. విజయవాడలో పెద్దాసుపత్రికి వారానికి రెండేసి సార్లు బస్సులో వెళ్ళి రక్తం శుద్ధి చేసే మిషను మీద పడుకుని రావడం మొదలైంది. ఉప్పు బందు, పచ్చళ్ళు బందు, కొబ్బరినీళ్ళు బందు. మంచినీళ్ళకు కూడా కొలత. అత్తయ్య చిన్న స్టీలు గ్లాసు ఒకటి ఆయన కోసం విడిగా పెట్టింది. ఎండాకాలంలో తోటలోంచి వచ్చి బిందెడు నీళ్ళు ఎత్తి తాగే మనిషి ఆ గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని చప్పరించేవాడు. నాకు చూడబుద్ధయ్యేది కాదు. మీసాలు తీసేశాడు. "మెలి తిప్పే ఓపిక లేదే" అన్నాడు. ఉప్పులేని అన్నం దించుకోలేక చిక్కి సగమయ్యాడు. చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడేది.

ఆ చిక్కడం చూసే డాక్టరుగారు ఆ మాట అన్నారు. ఆయనది సముద్రం దగ్గర ఊరు, చిన్న వయసు, మంచివాడు. ఆ రోజు మావయ్య వెంట వెళ్ళింది ఆయన కూతురు, మా మరదలు. ఒంట్లో సత్తువ రావాలి, గుడ్డులో తెల్లసొన, చేప, రొయ్యలు కొద్దికొద్దిగా తినొచ్చన్నారట. మావయ్య మిషను మంచం మీద నుంచి తల ఎత్తి, "రొయ్యలు తినొచ్చాండీ?" అని రెట్టించి అడిగాడట. "తినొచ్చండీ. ఉప్పు మాత్రం వెయ్యకుండా వండించుకోండి" అన్నారట డాక్టరుగారు. బస్సు దిగకుండానే మావయ్య నాకు ఫోను చేశాడు. "అమ్మాయ్, డాక్టరు రొయ్యలు తినమన్నాడే!" ఆ గొంతులో ఉత్సాహం విని ఎన్నాళ్ళయిందో. నేను కూడా సంబరపడ్డాను. ఏ రొయ్యలని నాకూ తట్టలేదు. మా వైపు ఎవరికి తడుతుంది?

అవి మామిడికాయల రోజులు. అత్తయ్య పెద్దరకం రొయ్యలు తెప్పించి, తలా తోకా తుంచి, మూకుట్లో దోరగా వేయించి, వేణ్ణీళ్ళలో కడిగి, పుల్లటి కాయ ముక్కలతో కూర వండింది. ఆ వాసనకు వీధి మొత్తం ముక్కు ఎగబీల్చిందట. డాక్టరు చెప్పిన మాట ప్రకారం ఉప్పు డబ్బా మూత కూడా తియ్యలేదు. మావయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేకపోయినా ఉప్పగానే ఉందేంటే! నీ చేతిలో ఉందా ఉప్పు?" అని మెచ్చుకున్నాడట. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడని అత్తయ్య మర్నాడూ వండింది, ఆ మర్నాడూ వండింది. ఎండు రొయ్యలో సముద్రం ఉప్పంతా ముందే ఉంటుందన్న సంగతి పుట్టినప్పటి నుంచీ అది తింటున్న మాలో ఎవరికీ గుర్తు రాలేదు. మా లెక్కలో ఉప్పంటే డబ్బాలోంచి చేత్తో తీసి వేసేది.

దాహం మొదలైంది. స్టీలు గ్లాసు చాల్లేదు. అత్తయ్య కళ్ళుగప్పి పెరట్లో కుళాయి దగ్గర తాగాడట. కాళ్ళు ఉబ్బాయి, మొహం ఉబ్బింది. "చూడవే, కాస్త ఒళ్ళు చేశాడు" అని అత్తయ్య నాకు ఫోనులో చెప్పింది. మిట్టమధ్యాహ్నం ఊపిరి అందకపోతే కారు మాట్లాడుకుని విజయవాడకు బయల్దేరారు. మైలవరం దాటలేదు. అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకునే పోయాడు.

దినం అయ్యాక కాగితాల కోసం మా మరదలు ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి వెళ్తూ మా ఇంటి దగ్గర దిగింది. చెప్పులు కూడా విప్పకుండా నా ముందు కూలబడింది. "వదినా, నాన్న ఏం తిన్నాడని అడిగారు. మీరు చెప్పిన రొయ్యలేనండీ అన్నా. ఏ రొయ్యలమ్మా అన్నారు. ఏ రొయ్యలేంటండీ, రొయ్యలే, ఎండువి అన్నా. ఆయన తల పట్టుకుని కూర్చుండిపోయారు వదినా. పచ్చివి తినమన్నారంట." నేను బళ్ళో తెలుగు చెప్పి రిటైరయినదాన్ని. ఒక మాటకు రెండర్థాలు వస్తే శ్లేష అంటారని, అది కవిత్వానికి అందమని ఏటేటా పిల్లల చేత వల్లె వేయించాను. దాని వల్ల మనిషి పోతాడని ఏ పాఠంలోనూ లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. డాక్టరు తప్పు చెప్పలేదు, మావయ్య తప్పు వినలేదు, అత్తయ్య తప్పు వండలేదు. తప్పు చేసినవాడు ఒకడుంటే వాణ్ణి తిట్టుకునైనా బతకొచ్చు. చివరికి ఇద్దరం ఒకటే అనుకున్నాం. ఈ సంగతి అత్తయ్య చెవిన పడకూడదు. ప్రాణం నిలబడాలని వండిన కూరే ప్రాణం తీసిందని తెలిస్తే ఆవిడ మనకు దక్కదు. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ అత్తయ్య ఒకటే చెప్పేది: "చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదమ్మా. చిటికెడు వెయ్యలేదు." మేమిద్దరం తల దించుకుని వినేవాళ్ళం.

ఇవాళ పొద్దున ఆటో మలుపు తిరగలేదు. సరిగ్గా మా గుమ్మం ముందే ఆగింది. అత్తయ్య గోడ పట్టుకుని లేచి మెట్లు దిగింది. వద్దు అత్తయ్యా, ఐసు నీళ్ళు చిందుతాయి, కంటికి మంచిది కాదు అన్నాను. వినలేదు. నల్లకళ్ళజోడు నుదుటి మీదికి జరిపి పెట్టెలోకి వంగి చూసింది. బూడిదరంగు వనామి రొయ్యలు ఐసులో వరసగా పడున్నాయి. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇప్పుడు వీటినే కదే, ఉత్త రొయ్యలంటున్నారు?" అంది.

"అవునత్తయ్యా."

"మీ మావయ్యకి డాక్టరు చెప్పినవి ఇయ్యే."

అడగడం కాదు, చెప్పడమే. ఎన్నాళ్ళ నుంచి తెలుసో, ఎవరు చెప్పారో, లేక ఈ ఆటోల కేకలు వినీ వినీ తనే పోల్చుకుందో నేను అడగలేకపోయాను. రొయ్యలతను, కిలో ఇమ్మంటారా మామ్మగారూ అన్నాడు. అత్తయ్య ఆ రొయ్యను మెల్లిగా మళ్ళీ ఐసు మీద పెట్టి, చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, "వద్దు నాయనా" అంది. మెట్లెక్కుతూ, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదు" అంది.

ఆటో వెళ్ళిపోయింది. గుమ్మం ముందు కరిగిన ఐసు నీళ్ళు కాసేపు ఉండి ఆరిపోయాయి. రొయ్య పచ్చిగా మా గుమ్మం దాకా రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. రొయ్యలంటే పచ్చివే అనే మాట కాస్త ముందొచ్చి ఉంటే, మా మావయ్య ఇవాళ ఆ ఆటో పక్కన నిలబడి బేరమాడుతూ ఉండేవాడు.