ఆకాశానికి నీళ్లు

మా పెదనాయన చెక్క దిమ్మెలతో అచ్చు వేసిన బొమ్మలనూ, నీటిరంగుల చిత్రాలనూ మొన్న అనంతపురంలో ప్రదర్శనకు పెట్టారు. జీవితమంతా ఆయన కళ్యాణదుర్గం చేలనే వేశాడు. కింద ఎర్రమట్టి, పైన రంగు తగలని తెల్లకాగితం. ఒక్క నీటిరంగు చిత్రంలో మాత్రం మబ్బు ఉంది. దాని ముందు ఆగిపోయాను.

చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఆయన బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చుని, నీళ్లు చాలకే ఆకాశాన్ని వదిలేశాడనుకున్నాను. మా ఇంట్లో నీళ్లు తక్కువైతే అన్ని పనులూ అట్లాగే సగంలో ఆగేవి. వెళ్లి కడవలోంచి చెంబుడు ముంచుకొచ్చాను.

"ఏంటికి పాపా?" అన్నాడు.

"ఆకాశానికి నీళ్లు సాల్లేదు గదా, పెదనాయనా."

ఆయన నవ్వలేదు. "ఔను, తక్కువైనాయి" అంటూ గిన్నెలోకి కాసిని వంచుకుని, కుంచె ముంచి, తెల్లకాగితం మీద నల్లమబ్బు వేశాడు.

"తాగే నీళ్లురా అవి" అంది లోపలినుంచి అవ్వ. చెంబులో మిగిలినవి ఆయన గటగటా తాగేశాడు.

మా వేసవి ఆకాశం నిజంగానే ఆ కాగితమంత తెల్లగా ఉంటుందని పెద్దయ్యాక గానీ గమనించలేదు.

ప్రదర్శనకొచ్చిన మా ఊరాయన ఒకరు నా పక్కన నిలబడి అడిగాడు.

"ఈ మబ్బు యాడ సూసినాడమ్మా మీ పెదనాయన?"

"మా ఇంటి చెంబులో, అన్నా" అన్నాను.