ఫ్యాను బాబాయి అరగంట

ఫ్యాను బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ కంప్యూటరు గుర్రుమన్నా ఆయన చెయ్యి జేబులోని స్క్రూడ్రైవరు మీదికి పోతుంది. ఉద్యోగం ఆఫీసు స్టోరులో. మనసు మాత్రం కంప్యూటరు పెట్టెల్లో తిరిగే ఫ్యాన్ల మీద. పంటినొప్పికని డాక్టరు దగ్గరికి వెళ్ళి, నోరు తెరవడం మరిచిపోయి డాక్టరుగారి కంప్యూటరు మూత తెరిచిన ఘనుడు. పన్ను ఇంకా అలాగే ఉంది. కంప్యూటరు మాత్రం కిక్కురుమనడం లేదట.

కాన్పు సెలవు అయిపోయి టైపిస్టు మళ్ళీ సీట్లో కూర్చున్న దగ్గర్నుంచి ఆయన కన్ను ఆమె కంప్యూటరు మీద పడింది. రోజూ సరిగ్గా పదకొండున్నరకు ప్రత్యక్షం.

"లే అమ్మాయ్! దీనికి ఒళ్ళు కాలిపోతోంది."

"నిన్ననేగా తుడిచారు బాబాయ్!"

"నిన్న అన్నం తిన్నావని ఇవాళ మానేశావా?"

ప్లగ్గు పీకి, మూత తీసి, ఫ్యాను గిర్రున తిరగకుండా రెక్కకు వేలు అడ్డం పెట్టి, వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల సందులన్నీ మెత్తటి బ్రష్షుతో, చంటిపిల్ల చెవి తుడిచినంత సుతారంగా తుడిచేవాడు. పది నిమిషాల పని. "అరగంట దాకా ముట్టుకోకు, చల్లారాలి" అన్నది మాత్రం ఆయన శాసనం.

ఆ అరగంటలో టైపిస్టు పక్కవీధిలోని ఇంటికి పరుగెత్తి, నాలుగు నెలల పాపకు పాలిచ్చి వచ్చేసేది. కంప్యూటరు నడుస్తుండగా సీటు వదిలితే సూపరింటెండెంటు ఊరుకోడు. పిచ్చి ఆయనది, అదృష్టం నాది అనుకునేది.

ఒకరోజు సూపరింటెండెంటుకు అనుమానం వచ్చింది.

"ఊళ్ళో దుమ్మంతా ఈవిడ కంప్యూటరులోనే పడుతోందా? ఇవాళ నా ముందు విప్పండి. శుభ్రంగా ఉందో, రేపట్నుంచి మూత ముట్టుకోడానికి వీల్లేదు."

టైపిస్టు బాబాయి వంక చూసింది. నిన్న తుడిచిన ఫ్యాను అద్దంలా ఉంటుంది. పాప చూస్తే సీసాపాలకు మొహం తిప్పేసుకుంటుంది. రేపట్నుంచి దాని గతేం కాను?

బాబాయి తాపీగా నేలమీద చతికిలబడి మూత తీశాడు. సూపరింటెండెంటు కళ్ళద్దాలు వెతుక్కుని పెట్టుకునేలోగా జేబులోంచి చిన్న పొట్లం తీసి, అందులోని దుమ్మంతా ఫ్యాను మీద గుమ్మరించాడు. పక్కనే నిలబడ్డ టైపిస్టు తన కళ్ళను తనే నమ్మలేదు. జన్మంతా దుమ్ముతో పోట్లాడిన మనిషి!

"చూడండి సార్, ఒక్కరోజుకే!" అంటూ గాలి ఊదే బ్లోయరు నొక్కాడు.

సూపరింటెండెంటు ఏడుసార్లు తుమ్మాడు. "బాబోయ్! రోజూ తుడవండి, రోజూ! అమ్మా, నువ్వు బయటికెళ్ళు, అరగంట దాకా రాకు!"

ఇంటిదారిలో ఆమెకు నవ్వాగలేదు. తిరిగి చేరిన మొదటిరోజు పక్కసీటావిడతో పాప పాల సంగతి చెప్పుకుని ఏడ్చినప్పుడు బాబాయి ఆ బల్లకిందే ఉన్నాడు. ఆయన చెవికి ఫ్యాన్ల మోత తప్ప ఇంకేమీ ఎక్కదనుకుంది తను. ఎంత మంచివాడివయ్యా బాబాయ్ అనుకుంది.

మర్నాడు పదకొండున్నరకు ఆమె తనే లేచి, ఒక కాగితం పొట్లం ఆయన చేతిలో పెట్టింది.

"మా మంచం కింద ఊడ్చాను బాబాయ్. మీ ఇంట్లో నిండుకుంటుందేమోనని."

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. పొట్లం విప్పి, చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సరుకు మంచిదే," అన్నాడు. "ఇంకా నిలబడ్డావేం? పాప ఎదురుచూస్తుంటుంది, పో!"