చేపలక్క పందెం

“మీకు చేపలు తప్ప వేరే ధ్యాసే లేదా?” అని పెద్ద డాక్టరు నిండు సమావేశంలో నర్సుని అడిగేశాడు.

“ఎందుకు లేదండీ? ఇంతకీ ఈ వారం మీరు చేప తిన్నారా?” అంది చేపలక్క.

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మతి చెదిరే ప్రమాదం ఉన్న కుర్రకారు నెత్తురులో, చేపల్లో దొరికే కొన్ని కొవ్వు ఆమ్లాలు ఎంతున్నాయో, వాళ్ళ భయాలకీ అనుమానాలకీ వాటితో లంకె ఉందో లేదో తేల్చాలని డాక్టరు పరిశోధన. నెత్తురు తీయడం, తిండి వివరాలు రాబట్టడం ఆవిడ పని. అడగాల్సింది పరిశోధనలో చేరినవాళ్ళని. ఆవిడ మాత్రం కనబడ్డ ప్రాణినల్లా అడిగేది. లిఫ్టు మెకానిక్కునీ వదల్లేదు, కాలు విరిగి స్ట్రెచర్ మీద పోతున్న పెద్దాయననీ వదల్లేదు. తనిఖీకొచ్చిన అధికారి తాను శాకాహారినంటే, “పోనీ అవిసె గింజలు?” అంటూ మెట్లదాకా వెంటపడింది.

“చేప తింటే మతి కుదురుతుందని చాటింపా?” అన్నాడు డాక్టరు.

“అది తేల్చాల్సింది మీరు. నేను అడగడం వరకే.”

ఒకనాడు కాలేజీ పిల్ల ఒకతె వచ్చింది. ఎవరూ లేని గదిలో తనని ఎవరో పిలుస్తున్నారట. తలెత్తకుండా నెత్తురిచ్చి వెళ్ళిపోయింది. నెలకి మళ్ళీ వచ్చి ఇవ్వాలి.

“రెండోసారి రాదు. వంద పందెం,” అన్నాడు డాక్టరు. నమూనా పోతే పోయింది, జబ్బు ముదిరితే పిల్లని కనిపెట్టి చూసే దిక్కుండదని ఆయన దిగులు.

“కాశాను,” అంది చేపలక్క.

గడువునాడు పిల్ల గుమ్మందాకా వచ్చింది. హాలు నిండా జనాన్ని చూసి వెనక్కి తిరిగింది. చేపలక్క ఆ చివరి బెంచీ నుంచి మొదలుపెట్టింది. “మీరు తిన్నారా? మీరు?” అటుగా పోతున్న డాక్టరునీ ఆపింది.

“తినలేదు తల్లీ, వదిలెయ్,” అన్నాడాయన. హాలంతా నవ్వింది.

“నువ్వో?” అంది చేపలక్క గుమ్మంలో ఉన్న పిల్లతో.

“మొన్న తిన్నానక్కా. ముల్లు గుచ్చుకుంది,” అంటూ పిల్ల లోపలికొచ్చి చెయ్యి చాపింది. సూది దిగుతుండగా, ఆ పిలుపు మళ్ళీ వినబడిందని తనంతట తనే చెప్పింది.

సాయంత్రం డాక్టరు అడిగాడు. “ఇందుకా ఊరందరినీ చంపుకుతింటారు?”

“ఒక్కళ్ళనే అడిగితే ఆ ఒక్కళ్ళెవరో అందరికీ తెలిసిపోదుటండీ?”

పందెం వంద ఆయన ఇంకా ఇవ్వలేదు.