బావ జీపు వణికిన రోజులు

స్టీల్ ప్లాంటు కట్టడం పనులు జోరుగా సాగుతున్న రోజుల్లో మా అక్క భర్త అక్కడ మట్టిపని కాంట్రాక్టు చేసేవాడు. నాన్న పోయాక నన్ను తన ఇంట్లో పెట్టుకుని పెంచింది ఆయనే. కంచరపాలెంలో నాకు మెకానిక్ షెడ్డు పెట్టించిందీ ఆయనే, అప్పటి నుంచి నా మకాం ఆ షెడ్డులోనే. బావ ఏ పని చెప్పినా కాదనే మాట నా నోట వచ్చేది కాదు.

ఆయనకు వేలంలో కొన్న పాత మిలటరీ జీపు ఉండేది. వానాకాలంలో సైటు బురదలో పొట్ట ఆని కూరుకుపోతోందని, దాన్ని ఎత్తు చెయ్యమన్నాడు. వన్ టౌన్‌లో బండి బరువు మోసే కమాను పట్టీలు చేసే ముసలి మేస్త్రీ ఒకాయన మా చర్చికే వచ్చేవాడు. ఆయన చేత కొత్త కమాన్లు చేయించాను. గేరుపెట్టె నుంచి వెనక చక్రాలను తిప్పే షాఫ్టు విప్పి, కమాన్లు మార్చి, మళ్ళీ బిగించాను. జీపు బెత్తెడు లేచింది. బావ మురిసిపోయాడు.

మర్నాడే తిరిగొచ్చాడు.

"నలభై దాటితే సాలు, మలేరియా జొరమొచ్చినట్టు వొణికిపోతంది బండి. ఏటి సేసినావురా?"

నాకు తెలియదు. ఆయన మనుషులు ఇద్దరు పక్కన నిలబడి ఉండగా ఆ మాట చెప్పలేకపోయాను. "కమాన్లు సమంగా లేవేమో బావా" అన్నాను.

ఆ 'ఏమో' ఆయన చెవికెక్కలేదు. నన్ను ఎక్కించుకుని తిన్నగా వన్ టౌన్ పోనిచ్చాడు. ఇరుకు సందు, రెండు వైపులా హోల్‌సేల్ కొట్లు, మూటలు మోసే కళాసీలు. అందరూ చూస్తుండగా ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన ఒక్కటే అన్నాడు, "నా కమాన్లో లోపం లేదు బాబూ. ఇంకెక్కడన్నా సూసుకోండి." నేను జీపులోంచి దిగలేదు.

వణుకు పోయేదాకా షెడ్డు మూసి తనతోనే తిరగమన్నాడు బావ. పొద్దున్నే వచ్చి ఎక్కించుకునేవాడు, చీకటి పడ్డాక దింపేవాడు. చక్రాలు మార్చి చూశాను. ఇంజను కింది రబ్బరు దిమ్మెలు బిగించాను. లాభం లేదు. స్పీడు ముల్లు నలభై దాటగానే సీటు కింద వణుకు మొదలయ్యేది. బావ నా వైపు ఒకసారి చూసేవాడు అంతే. ఆ చూపు కంటే తిట్టు నయం. దిగి పారిపోదామంటే ఎక్కడికి పోను?

ఒకసారి నేను నడుపుతూ యాభై మీద గేరు తీసేసి బండిని వదిలాను. ఇంజను నెమ్మదించింది, వణుకు మాత్రం తగ్గలేదు. అంటే ఇంజనుది కాదు. ఆ ఆదివారం చర్చి నుంచి జీపులో వస్తూ వెనక కూర్చున్న అక్క అంది, "ముందల కూకుంటే నీకేటి తెలుస్తాదిరా? ఇక్కడ నా కాళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి."

మర్నాడు వెనక షాఫ్టు పూర్తిగా ఊడదీసి, నాలుగు చక్రాలకూ బలం అందే బండి కాబట్టి, ముందు చక్రాల బలంతోనే జీపు నడిపాను. యాభై మీద కూడా అలికిడి లేదు. షాఫ్టును కిరసనాయిలుతో కడిగాను. అది రెండు ముక్కలు, ఒకదాని పళ్ళలోకి ఒకటి జొరబడుతుంది. రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా ఉండాలి. మడ్డి కింద అవి పక్కకి తప్పి కనబడ్డాయి. బిగించేటప్పుడు రెండు పళ్ళు తేడాగా దూర్చింది నేనే. జీపు ఎత్తు పెరిగి షాఫ్టు వాలు ఎక్కువయ్యేసరికి ఆ తేడా బండినంతా కుదిపేసింది. సరిచెయ్యడానికి అరగంట పట్టింది.

బావ నడిపి చూసి నా వీపు చరిచాడు. "ఆ ముసలోడి కమాన్లు కూడా సరి సేసీసినావురా!"

"కమాన్లు నాను ముట్టుకోలేదు బావా. షాఫ్టు తప్పు బిగించింది నానే."

ఆయన బండి పక్కకు ఆపాడు. "ఎవులికీ సెప్పకు. నలుగుర్లో ఆడ్ని తిట్టినాను. ఇప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోను?" అన్నాడు.

అలాగేనన్నాను.

ఆ తర్వాత ఆదివారాలు గడవడం కష్టమైంది. మేస్త్రీ మా ముందు బెంచీలో కూర్చునేవాడు, వెనక్కి తిరిగేవాడు కాదు. ఆయన మెడ చూస్తూ ప్రార్థన చేసేవాణ్ని. నోరు విప్పితే పెంచినవాడి పరువు పోతుంది, విప్పకపోతే ఆ ముసలాయన పనితనం మీద మచ్చ ఉండిపోతుంది. నెల రోజులు ఆగి, ఒక్కణ్నే ఆయన కొలిమి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన సుత్తి ఆపలేదు.

"నా కమాను సంగతి నాకు తెల్దా? నాకెందుకు సెప్తన్నావ్? ఆ రోజు తిట్లు ఇన్నోళ్ళకి సెప్పు."

సందులోకి వచ్చాను. గోనెసంచుల కొట్టాయన, నలుగురు కళాసీలు ఉన్నారు. తప్పు నాదని చెప్తే మొదట ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను. ఒకడు నవ్వాడు. కొట్టాయన "మరి ఆ రోజు నోరేటయింది?" అన్నాడు. మేస్త్రీ తలెత్తకుండా పని చేసుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రానికల్లా కబురు బావకు చేరింది. మళ్ళీ ఆ జీపు నా దగ్గరికి రాలేదు. అక్క మాత్రం సిటీ బస్సులో షెడ్డుకి వచ్చి కూర్చునేది. "నువ్వు సేసింది తప్పని నాను అనను. ఇంటికి మట్టుకు ఇప్పుడే రాకు" అంది.

దాదాపు ఏడాది వెళ్ళలేదు. ఎవరిదో పెళ్ళి భోజనాల దగ్గర బావ ఎదురుపడి, తనే ముందుగా "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్నాను. ఆయన చెయ్యి కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.