చిలక మోసపోలేదు

మీ పిల్లలకు బూరుగు చెట్టును చూపించారా, దాని మీది సామెతను మాత్రమే నేర్పారా? కాయ పండుతుందని కాచుకున్న చిలకకు చివరికి దూదే దక్కిందన్న కథ మనందరికీ వచ్చు.

డెబ్బైల్లో ఒక మాఘమాసాన, బాపట్ల నుంచి రేపల్లె వెళ్తున్న మా బస్సు పిట్టలవానిపాలెం దగ్గర ఆగిపోయింది. రోడ్డు పక్కన ఒక్క ఆకు లేకుండా, ఒళ్ళంతా ఎర్రటి పూలతో ఒక బూరుగు నిలబడి ఉంది. దాని కింద ఒక పంతులమ్మ పిల్లలకు పిట్టలను చూపిస్తోంది. నాతోపాటు బస్సు దిగిన పెద్దాయనదే ఆ చెట్టు. అగ్గిపుల్లల చెక్క కోసం మర్నాడే కొట్టించేస్తున్నానని దారిలో చెప్పాడు.

"ఏంటమ్మాయ్, ఈ బూరుగు చిలకని మోసపుచ్చినట్టు నువ్వు పిల్లల్ని మోసపుచ్చుతున్నావా?" అన్నాడు ఆయన.

"చిలక కాయ కోసం రాలేదండి బాబాయిగారూ. పూలలో తేనె తాగుతోంది. ఒక్కసారి తలెత్తి చూడండి."

ఆయన చూశాడు. చిలకలు, గోరింకలు, ఒక ఉడత పూలలోకి మూతులు దూర్చి ఉన్నాయి. పిల్లలు ఆయన ముఖం వంక చూస్తున్నారు.

"అయితే మోసపోయింది మనమేనన్నమాట," అని నవ్వాడాయన. "ఉండనీలే. గొడ్డలి వాళ్ళని రావద్దంటాను."

సామెత కట్టినవాడు తలెత్తలేదు. తరతరాలుగా విన్నవాళ్ళూ ఎత్తలేదు. ఈ మాఘంలో మీ పిల్లలను పూసిన బూరుగు కిందికి తీసుకెళ్ళండి. పెద్దల మాట నిజమో కాదో వాళ్ళ నోటితోనే చెప్పనివ్వండి.